సరుక్కి ఎంగిలేటి

మా ఆఫీసులో ఎవరైనా తుమ్మితే ముందు నా వైపు చూస్తారు, ఏమంటానోనని. నాకు నోరు జాస్తి. టెక్కలి నుంచి పొద్దున్నే బస్సులో వేలాడుతూ పలాస వచ్చి, ఒక జీడిపప్పు వ్యాపారి ఆఫీసులో ఫోన్లు ఎత్తడం, బిల్లులు కొట్టడం నా పని. ఆ చలికాలం శుభ్రత కూడా నా పనే అయింది. ఎవరూ అప్పగించలేదు, నేనే నెత్తినేసుకున్నాను.

కారణం మావ. సొంత మేనమామ కాదు. సోంపేట వైపు నుంచి వచ్చే పెద్దాయన, పప్పు నాణ్యం చూసే మనిషి. నేను చేరిన కొత్తలోనే నన్ను "కోడలా" అన్నాడు, నేను "మావా" అన్నాను, అదే స్థిరపడిపోయింది. మా ఉద్దానంలో చాలామందికి పట్టినట్టే ఆయనకీ కిడ్నీ జబ్బు పట్టింది. డయాలసిస్ దాకా ఇంకా పోలేదు. ఈ చలికాలం జ్వరం రాకుండా దాటిస్తే ఇంకొన్నాళ్లు మందులతోనే నెట్టుకురావచ్చని డాక్టరు చెప్పాడట. "జొరమొత్తే మాత్రం నాను మిసనెక్కాల్సిందే కోడలా," అని టీ తాగుతూ, వానొచ్చేలా ఉంది అన్నంత మామూలుగా చెప్పాడు.

అప్పటికే ఊళ్లో ఇంటికొకరు దగ్గుతున్నారు. కరోనా పోయాక సబ్బంటేనే జనానికి విసుగు పుట్టింది. నేను ఊరుకోలేదు. వాష్ బేసిన్ దగ్గర అందరం చేతులు తుడుచుకునే తువ్వాలు తీసి పారేశాను. పుట్టి బుద్ధెరిగాక ఉతుకు చూడని తువ్వాలు అది. ఫోనూ, కీబోర్డూ, తలుపు గొళ్లెమూ పొద్దునా సాయంత్రమూ స్పిరిట్ గుడ్డతో తుడిచేదాన్ని. కిటికీలు తెరిపించాను. దగ్గుతూ పనికొచ్చినవాళ్లని ఇంటికి తరిమాను. ఇక నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఉద్దానం వాళ్లకి ఏ జబ్బొచ్చినా అనుమానం ముందు నీళ్ల మీదకే పోతుంది. క్యాను మార్పించాం, దాని కుళాయి కడిగించాం, మావ ఇంటి నుంచి తెచ్చుకునే కాచిన నీళ్ల సీసాని ఎవరూ తాకకుండా విడిగా పెట్టాం. "ఈవిడ ఆఫీసుని ఆసుపత్రి సేసేత్తంది," అని మా యజమాని గొణిగేవాడు. గొణిగితే గొణిగాడు.

ఇంత చేసీ బల్ల మీది పళ్లేన్ని వదిలేశాం. పలాసలో ఏ పప్పు ఆఫీసులోనైనా ఉండేదే అది. ఆ రోజు సరుకులోంచి నాలుగు గుప్పెళ్లు అందులో పోసి పెడతారు. కొనేవాడు చెయ్యి పెట్టి కెలుకుతాడు, ఒక పప్పు నోట్లో వేసుకుంటాడు, మళ్లీ అదే చెయ్యి పెడతాడు. మావ అయితే వచ్చిన ప్రతి సరుకులోనూ ఒక పప్పు కొరికి చెమ్మ చూడాలి. కిడ్నీకి పడదని మింగడు, కాగితంలో ఉమ్మేస్తాడు. పక్కవాడి గ్లాసుకి పెదవి తగలనివ్వం మేం, ఎత్తిపోసుకుని తాగుతాం. పళ్లెం దగ్గర మాత్రం ఆ పట్టింపు లేదు. అందులో ఉన్నది తిండి కాదు కదా, సరుకు.

ఒక మధ్యాహ్నం ఇచ్ఛాపురం నుంచి బ్రోకరు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు బొంగురు. గుమ్మంలోనే ఆపి మాస్కు ఇచ్చాను, చేతులు కడిగించాను, మావకి దూరంగా కుర్చీ వేయించాను. బుద్ధిమంతుడిలా అన్నీ చేశాడు. కూర్చున్నాక మాస్కు గడ్డం కిందకి లాగి, గుప్పిట్లోకి దగ్గి, పళ్లెం వైపు చెయ్యి చాపబోయి నన్ను చూసి ఆగాడు.

"పప్పు ముట్టుకున్నా తిడతారేటమ్మా?"

నేను నోరు తెరిచేలోపే మావ పళ్లెం ఆయన ముందుకి తోశాడు. "తీసుకో బావా. సరుక్కి ఎంగిలేటి?"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ మాట మా నాన్న కూడా అనేవాడు. బ్రోకరు కెలికాడు, తిన్నాడు, బేరం కుదిరింది. ఆయన వెళ్లాక మావ అదే పళ్లెంలోంచి ఒక పప్పు తీసి కొరికాడు.

రెండు మూడు రోజులకి మావకి జ్వరమొచ్చింది. బస్సులో అంటిందో, ఇంట్లో అంటిందో, నేను ప్రమాణం చేసి చెప్పలేను. నా మనసు మాత్రం ఆ పళ్లెం దగ్గరే ఆగిపోయింది. జ్వరం తగ్గింది గానీ కిడ్నీలు తేరుకోలేదు. మావ మిషనెక్కాడు. ఉద్యోగం మానేశాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. పళ్లెం మీద మూత పెట్టాను, పక్కన చెంచా పెట్టాను. ఎవరైనా చెంచాతో అరచేతిలో వేసుకోవాల్సిందే. పళ్లెంలో వేలు పెట్టినవాడికి నా చేతిలో మూడినట్టే.

మొన్న మావ ఆసుపత్రి నుంచి ఇంటికి పోతూ ఆఫీసుకొచ్చాడు. బాగా చిక్కిపోయాడు, చేతికి కట్టుంది. అలవాటుగా పళ్లెం వైపు చెయ్యి చాపి, మూత చూసి ఆగాడు. నేను చెంచాతో ఒక పప్పు తీసి ఆయన అరచేతిలో వేశాను. కొరికాడు, కాగితంలో ఉమ్మాడు.

"సెమ్ముంది. ఇంకోపాలి ఎండెట్టించండి," అన్నాడు. తర్వాత చెంచా అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచి పనే కోడలా. కొత్తగా కొన్నారేటి?"

"అవును మావా," అన్నాను.

అబద్ధం. ఆ జ్వరాల రోజుల్లో కూడా ఆ చెంచా అదే బల్ల మీద, పళ్లేనికి జానెడు దూరంలో, మా టీ పంచదార డబ్బాలోనే ఉంది.