గుర్రం చెవి మీద చెయ్యి

ఇప్పుడు చీటీలు నేనే చదువుకుంటున్నాను గానీ, ఖర్చు మాట రాగానే నాకు ఆ అన్న అరచెయ్యే గుర్తొస్తుంది.

అరబ్బు దేశంలో, బనియాస్ అనే ఊళ్లో నేను వంట చేసే ఇంటివాళ్లు తమ గుర్రాన్ని ఒక లాయంలో అద్దెకు ఉంచేవారు. నెలనెలా డ్రైవర్‌తో వెళ్లి ఆ డబ్బు కట్టి రావడం నా పని. అక్కడ గుర్రాన్ని చూసుకునే అన్నది మా కడప వైపే. నాకు అక్షరాలు రావని లాయం ఆఫీసువాళ్లిచ్చే ఖర్చుల చీటీ ఆయనే చదివిపెట్టేవాడు. చదివే ముందు గుర్రం చెవిని అరచేత్తో మూసేవాడు. లాయం అద్దె, గడ్డి, లాడాలు, డాక్టరు, ఎండాకాలమైతే ఏసీ కరెంటు, అన్నీ గొంతు తగ్గించి చెప్పేవాడు.

"ఏందన్నా ఈ యేషాలు? దానికి తెలుగొస్తాదా?" అన్నాను ఒకసారి.

"ఆరేండ్లు నాతో ఉండి రాకుండా ఉంటాదా? తన తిండికింత అవుతాదని తెలిస్తే రేపట్నుంచి మేత ముట్టదక్కా."

"నా జీతం కంటే దాని ఖర్చే ఎక్కువ!"

"ఆ మాటైతే అసలు చెప్పగాకు" అని రెండో చెవి కూడా మూశాడు.

కరోనా ఏడాది సార్ జీతం సగమైంది. గుర్రాన్నో నన్నో వదులుకోక తప్పదని మేడమ్ వారం రోజులు నలిగిపోయింది. చివరికి గుర్రాన్ని దూరంగా ఫుజైరా ఊళ్లో ఎవరికో అమ్మేసింది. ఆ కబురు చెప్పిరమ్మని నన్నే పంపింది.

నేను వెళ్లేసరికి ఆయన దాని జూలు దువ్వుతున్నాడు.

"ఏమక్కా, ఈసారి తొందరగా వచ్చినావే! యల్లా, కానియ్యి, చీటీ ఇయ్యి."

నా చేతిలో చీటీ లేదు. దగ్గరికి వెళ్లి గుర్రం చెవిని నా అరచేత్తో మూశాను.

ఆయన నా ముఖం చూశాడు. దువ్వెన పక్కన పెట్టి, రెండో చెవి తను మూశాడు.