ఎడమ సీటు

పొద్దున ఐదింటికి జమునకు ఇప్పటికీ మెలకువ వచ్చేస్తుంది. ఇరవై ఆరేళ్ళ అలవాటు ఏడు నెలల్లో పోతుందా? మొదటి షిఫ్టు వారమైతే ఆ వేళకు లేచి, ఒక పొయ్యి మీద చాయ్, ఇంకో పొయ్యి మీద అన్నం పెట్టి, ఆరుంబావు అయ్యేసరికి మూడు గిన్నెల టిఫిను కట్టి గడప దగ్గర ఉంచేది. వీరేందర్ దాన్ని అందుకొని, వెనక్కి చూడకుండా డ్యూటీకి వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు టిఫిను పట్టుకుపోయే మనిషి లేడు. అందుకని ఆ వేళకు ఆమె బకెట్టులో నీళ్ళు, తన పాత నూలుచీర చింపిన గుడ్డ తీసుకొని, క్వార్టరు పక్కన రేకుల షెడ్డు కింద ఉన్న ఎర్రకారును తుడుస్తుంది.

గోదావరిఖనిలో ఏ వస్తువునైనా ఒక్క రాత్రి ఊరికే వదిలిపెట్టి చూడండి. తెల్లారేసరికి దాని మీద వేలితో పేరు రాసుకునేంత బొగ్గుదుమ్ము పడుతుంది. ఆరేసిన చీర దులిపితే గాని మడతపెట్టడానికి లేదు. అలాంటి ఊళ్ళో ఆ కారు ఏడు నెలలుగా, ఇప్పుడే పెళ్ళికి తయారైనట్టు మెరుస్తోంది.

వీరేందర్ ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ ఆపరేటరు. నిచ్చెన ఎక్కి, మేడంత ఎత్తున కూర్చుని పొద్దంతా మట్టీ బొగ్గూ మోసేవాడు. ఆరడుగుల మనిషి. మాట తక్కువ. అలాంటివాడు పదకొండేళ్ళ కింద బసంత్‌నగర్‌లో ఒక పాత గోదాము వెనక, ఇటుకల మీద నిలబెట్టిన ఈ బండిని చూశాడు. ఎప్పుడో ఒక ఇంజినీరు దొర సరదాపడి తెప్పించుకున్న రేసు కారట. రెండే తలుపులు, రెండే సీట్లు, నెత్తిన మడతపెట్టే గుడ్డ. అందులో కూర్చుంటే నడుము నేలకు జానెడెత్తున ఉంటుంది. దాన్ని తుక్కు కింద కొని, అక్కడే మార్కు అనే మెకానిక్కు షెడ్డులో పెట్టాడు. ఆనాటి నుంచి ఆయన ఆదివారాలన్నీ దానివే.

"ఏమే జమునా, నీ సవతి ఎట్లున్నది? ఇయ్యాలన్న లేసి కూసున్నదా?" అని పక్క క్వార్టరు లింగవ్వ గోడ మీంచి ఎకసెక్కమాడేది.

"ఏడ లేసిందవ్వా! కడుపుల ఇంజనే లేదట. పురుడు పొయ్యనీకి మళ్ళ పోయిండు," అనేది జమున.

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. కానీ జమునకు లోపల చిన్న ముల్లు ఉండేది. తనను ఒక్కనాడూ అందులో కూర్చోబెట్టలేదు. అడిగితే, "ఇంక కాలె. అయినంక నువ్వే ముందు," అనేవాడు. అది అయిందో లేదో ఆమెకు తెలియనే లేదు.

ఏడు నెలల కింద, ఆ బుధవారం కూడా మొదటి షిఫ్టే. డ్యూటీ డ్రెస్సు వేసుకొని, టిఫిను పట్టుకొని వెళ్ళాడు. ఆ తర్వాత గంటకు బిడ్డ దీప ఫైలు చంకన పెట్టుకొని కంప్యూటర్ క్లాసుకని బయల్దేరింది. ఇద్దరినీ జమున ఏమీ అడగలేదు. బొగ్గుబాయికి పోయే మనిషి ఉన్న ఇంట్లో గడప దాటేవాళ్ళను "ఎటు?", "ఎప్పుడొస్తవ్?" అని అడగకూడదు. కాపురానికి వచ్చిన మొదటి పొద్దున అత్త చెప్పిన మాట ఇది. "బొగ్గుల పోయేటోని ఎనక మాట ఎయ్యొద్దు బిడ్డా. వచ్చినప్పుడు వచ్చిండనుకోవాలె." ఇరవై ఆరేళ్ళు ఆమె ఆ మాట జవదాటలేదు.

మధ్యాహ్నం జైపాల్ వచ్చాడు. వీరేందర్‌కు తమ్ముడు. జమున చాటలో బియ్యం ఏరుతోంది. "వదినా, మార్కు షెడ్డుల అన్న పడిపోయిండట. గుండె ఆగిందట," అన్నాడు. జమున ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. ఇంకో రాయి ఏరింది. "వదినా, ఇంటున్నవా?" అంటే, "ఇంటున్న. ఈ బియ్యం నిండ రాళ్ళే ఉన్నయి," అంది. ఆ చాట ఆమె చేతిలోంచి ఎవరు తీశారో, దవాఖానకు ఎలా వెళ్ళిందో ఇప్పటికీ జ్ఞాపకం లేదు. డ్యూటీలో ఉండాల్సిన మనిషి ఆ వేళ షెడ్డుకు ఎందుకు పోయాడో ఆమె ఎవరినీ అడగలేదు. దీప అప్పటికే అక్కడ గోడకు ఆనుకొని నిలబడి ఉంది. ఫోనొస్తే వచ్చానంది. పన్నెండో రోజు కర్మ అయిన తెల్లారి మార్కు ఎర్రకారును తెచ్చి షెడ్డు కింద దించాడు. నడుపుకుంటూ రాలేదు, ట్రాలీ మీద తెచ్చాడు. "దీంట్ల కూసునుడు నాతోని కాలె చెల్లె," అన్నాడు. ఆమె మొఖం చూడకుండానే వెళ్ళిపోయాడు.

తండ్రి ఉద్యోగం బిడ్డకు వచ్చింది. ఆర్డరు చేతికందింది. సోమవారం నుంచి మందమర్రిలో, స్టోర్సులో డ్యూటీ. పోనూ రానూ గోదావరి దాటి చాలా దూరం, బస్సులో అయితే మధ్యలో మారాలి. అందుకని శనివారం పొద్దున జైపాల్ తన తెల్లకారును తెచ్చి వాకిట్లో ఆపాడు. తను వేరేది కొనుక్కున్నాడు, దీన్ని అన్నబిడ్డకు ఇస్తానన్నాడు.

"సూడు వదినా, నాలుగు తలుపులు. ఏసీ. సీట్ల కూసుంటే పరుపు మీద కూసున్నట్టే. ఎండకాలం గోదావరి బ్రిడ్జి దాటుతుంటే తెలుస్తది దీని ఇలువ."

జమున కారును చూడలేదు. "ఇంట్ల బండి ఉన్నది గద జైపాల్. మీ అన్న పదకొండేండ్లు గోర్లు అరగదీసుకొని చేసిండు. దాన్ని పెట్టుకొని ఇంకోటెందుకు? దీప దాంట్లనే డ్యూటీకి పోతే ఆయిన పోయినట్టే ఉంటది."

"అయ్యో వదినా! అది షోకు బండి. నేలకు అంటుకొని ఉంటది. బొగ్గు టిప్పరోనికి అది కనవడుతదా? వానొస్తే పైనున్న గుడ్డ కారుతది. పోరగాండ్లు సెల్ఫీల కోసం ఎంబడి పడుతరు. డ్యూటీకి పోవాల్నా, ఊరేగాల్నా?"

గోడ అవతలి నుంచి లింగవ్వ గొంతు కలిపింది. "రెండు బండ్లెందుకే, నా కట్టెలపొయ్యి కాడ ఒకటి పెట్టుండ్రి, నేను కూరగాయలకు పోత!"

"నువ్వు ఆగవ్వా," అన్నాడు జైపాల్ నవ్వుతూ. మళ్ళీ గొంతు తగ్గించి, "షెడ్డుల ఒక్కదానికే జాగ ఉన్నది వదినా. కరీంనగర్ల పాత బండ్లు పోగుచేసేటాయిన ఉన్నడు. రేపు ట్రాలీ తెస్తనన్నడు. ఎర్రదాన్ని మంచిగ సూసుకుంటడు. ఫికర్ చెయ్యకు."

జమున దీప వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా. బాపు బండి ఒద్దా నీకు?"

దీప ఎర్రకారు వైపు వీపు పెట్టి నిలబడి ఉంది. "ఒద్దు. తెల్లదే కావాలె. అది రేపే పోనీ," అంది.

ఆ మాట జమునకు చెంప మీద కొట్టినట్టయింది. ఏడు నెలలుగా ఆ పిల్ల షెడ్డు వైపు పోకపోవడం, తను తుడుస్తుంటే కిటికీ మూసేయడం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకు వచ్చాయి. ఏసీ కావాల్సి వచ్చింది దీనికి, తండ్రి చేతి పని మోటైపోయింది, అనుకుంది.

"సరే, ఒక రౌండు కొట్టి సూద్దాం," అని జైపాల్ తాళంచెవి దీపకిచ్చాడు. "వదినా, నీకు ఎనక కూసుంటే కడుపుల తిప్పుతది. ముందట కూసో."

జమున ముందు ఎడమ తలుపు మీద చెయ్యి వేసిందో లేదో,

"ముందట ఒద్దు!"

దీప అరుపుకు లింగవ్వ గోడ మీద పెట్టిన చాట కింద పడింది. 

"ఏందే పిచ్చిదానా, అమ్మ ముందట కూసుంటే ఏమైతది?" అన్నాడు జైపాల్.

"ఒద్దంటే ఒద్దు కాకా. ఇద్దరు ఎనక కూసోండ్రి. లేకుంటే నేను నడప."

వెనక కూర్చున్నారు. దీప కుదురుగా నడిపింది. గేరు మారినట్టే తెలియలేదు. "ఎక్కడ నేర్సుకున్నవే? డంపర్ ఆపరేటర్ బిడ్డవనిపించినవ్ పో!" అన్నాడు జైపాల్. "డ్రైవింగ్ స్కూల్ల," అంది ముక్తసరిగా. చౌరస్తా దగ్గర ఒక గేదె అడ్డం వస్తే గట్టిగా బ్రేకు వేసింది. ఆ క్షణంలో దీప ఎడమ చెయ్యి గేరు వదిలి, పక్కనున్న ఖాళీ సీటుకు అడ్డంగా చాచుకుంది. అక్కడ ఎవరో ముందుకు పడిపోతుంటే ఆపినట్టు. జమున చూసింది. ఏమిటో అర్థం కాలేదు.

మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగు జరిగి, వంటింట్లో గిన్నెలు ఎప్పటిలాగే గల్లుమన్నాయి. జమున షెడ్డులోకి వెళ్ళింది. రేపు పోయే బండి. ఒక్కసారన్నా ఆయన కూర్చున్న చోట కూర్చుందామనుకుంది. ఇన్నాళ్ళూ పైపైన తుడవడమే గాని లోపల చెయ్యి పెట్టలేదు. కుడి తలుపు తీసి, మెల్లగా ఒంగి, కూర్చుంది.

కాళ్ళు కింద పెడళ్ళకు అందాయి.

జమున ఒంగి కాళ్ళకేసి చూసుకుంది. తను పొట్టిది. మంచం మీద కూర్చుంటే పాదాలు నేలకు ఆనవు. ఇక్కడ మోకాళ్ళు సరిగ్గా మడిచి, పెడళ్ళు సరిగ్గా అరికాళ్ళ కింద ఉన్నాయి. సీటును ముందుకు, ఇంకా ముందుకు, చివరిదాకా జరిపి ఉంది. ఆరడుగుల వీరేందర్ ఇందులో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఆ రోజు తర్వాత మార్కు ఇందులో కూర్చోనే లేదు. మరి ఈ బండిని చివరిసారి నడిపింది ఎవరు?

మొదట వచ్చిన ఆలోచన చెడ్డది. ఎవతె? పదకొండేళ్ళ ఆదివారాలు ఒక్కసారి తలకిందులయ్యాయి. ఆఖరి నెలల్లో ఆయన, "ఇంకో రెండు చపాతీలు ఎక్కువ పెట్టు," అనేవాడు. ఆ రెండు చపాతీలు ఎవరు తిన్నారు? స్టీరింగు పట్టుకున్న చేతులు వదలడానికి రాలేదు.

అప్పుడు ఆమెకు పొద్దున ఖాళీ సీటుకు అడ్డంగా చాచిన చెయ్యి గుర్తొచ్చింది. తనంత పొట్టిగా, ఆ ఇంట్లో ఇంకొకతే ఉంది.

దీప మంచం మీద కూర్చుని కొత్త డ్యూటీ బూట్లకు తాళ్ళు ఎక్కిస్తోంది. జమున గుమ్మంలో నిలబడి, ఆ ఇంట్లో ఇరవై ఆరేళ్ళు అడగనిది అడిగింది.

"ఆ బుధారం మీరిద్దరు ఎటు పోయిన్రు?"

దీప తాడు ఎక్కించడం ఆపింది. తల ఎత్తలేదు. 

"బాపు లీవు పెట్టిండు," అంది. "నీకు చెప్పొద్దన్నడు. మూడు నెలల సంది నేర్పుతున్నడమ్మా. 'నా చెయ్యి డంపర్ చెయ్యి, మోటుగ తోల్త. మీ అమ్మను నువ్వు కూసోబెట్టుకొని తిప్పాలె. ఉన్నయే రెండు సీట్లు. మీరిద్దరు పోతుంటే నేను గేటు కాడ నిలవడి సూస్త,' అన్నడు. ఆ రోజు నా ఆఖరి పరీక్ష అన్నడు. రాజీవ్ రహదారి మీద నడపమన్నడు."

జమున గుమ్మం పట్టుకుంది.

"పోంగ పోంగ మాట్లాడుడు ఆపిండు. సూస్తే తల నా దిక్కు వాల్చి పండుకున్నడు. బాపు ఎన్నడన్న బండిల పండుకున్నడా అమ్మా? బస్సుల పోయినా డ్రైవరునే సూసుకుంట కూసునేటోడు. నా మీద నమ్మకం కుదిరిందనుకున్న. నాకు... నాకు మస్తు సంబురమైందమ్మా. లేస్తడని మెల్లగ నడిపిన. షెడ్డు కాడికి వచ్చి కూడ ఆపలె. మళ్ళ తిప్పిన. ఇంకొంచెం పండనీ అని సిమెంటు ఫ్యాక్టరీ దాక పోయి మళ్ళొచ్చిన. గుంతలు తప్పించుకుంట నడిపిన. అప్పుడప్పుడు ఒరుగుతుంటే చెయ్యి అడ్డం పెట్టిన."

దీప బూటు తాడు వేలికి చుట్టుకుంది.

"మార్కు కాక తలుపు తీసి, 'అన్నా, లే, మీ బిడ్డ పాసైంది,' అన్నడు," అంది. "నేనే కాకను బతిమిలాడిన, షెడ్డుల పడిపోయిండని చెప్పమని. నేను జల్ది ఆపితే, దవాఖానకు తీస్కపోతే..."

జమునకు ఏడుపు రాలేదు. చాటలో రాళ్ళు ఏరిన రోజులాగే అయింది. ఆ పిల్ల ఏడు నెలలుగా ఈ మాటను పొట్టలో పెట్టుకొని అన్నం తిన్నది, ఆర్డరు తెచ్చుకున్నది. కిటికీ అవతల తను మాత్రం రోజూ ఆ ఎడమ తలుపును మెరిసేలా తుడిచి చూపిస్తూ వచ్చింది. ఆమె వెళ్ళి మంచం మీద కూర్చుని, రెండో బూటు ఒళ్ళో పెట్టుకొని, తాడు ఎక్కించడం మొదలుపెట్టింది. తాడు కొసకు రంధ్రం దొరకలేదు. దీప ఆ చేతుల మీద తల పెట్టింది.

"గుంతలు తప్పించినవా?" అంది జమున.

"ఒక్కదాంట్ల కూడ పడలె."

"ఆయినకు కుదుపు అంటే పడది. పొద్దంత డంపర్ల కుదుపే," అంది జమున.

ఆదివారం పొద్దున జైపాల్ వస్తే, "తెల్లది షెడ్డుల పెట్టు. ఎర్రది బయట గోడ పక్కన ఉండనీ. కరీంనగర్ ఆయిన్ని రావద్దను," అంది.

"బయట పెడితే దుమ్ములకే కరాబైతది వదినా. పదకొండేండ్ల పని అని నిన్న నువ్వే అంటివి!"

"కరాబు కానియ్యి," అంది. జైపాల్ లింగవ్వ వైపు చూశాడు. లింగవ్వ చాట అందుకొని లోపలికి పోయింది.

సోమవారం ఐదింటికి జమున లేచింది. టిఫిను కట్టింది, చపాతీలు రెండు ఎక్కువే పెట్టింది. బకెట్టులో నీళ్ళు పట్టింది, పాత చీర గుడ్డ తడిపింది. అలవాటు కొద్దీ గోడ దాకా వెళ్ళింది. రెండు రాత్రుల దుమ్ము ఎర్రకారు మీద పరచుకొని ఉంది. ఎడమ తలుపు ఏ రంగో కనిపించడం లేదు.

దీప తెల్లకారు బయటకు తీసింది. జమున బకెట్టును ఎర్రకారు ముందటి చక్రం పక్కన దించి, గుడ్డను దాని అంచు మీద వేసి, వచ్చి ముందు ఎడమ తలుపు తీసింది.

"అమ్మా..." 

"మందమర్రి దాక వస్త. మళ్ళ బస్సుకు వచ్చేస్త. నేను పండుకోను బిడ్డా. నీతోని ముచ్చట పెట్టుకుంటనే వస్త. ఊకుంటే నన్ను గిల్లు."

కూర్చుని తలుపు వేసుకుంది. దీప చేతులు స్టీరింగు మీద చాలాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత గేరు పడింది. గోడ పక్కన బకెట్టులో నీళ్ళ మీద కూడా అప్పటికే సన్నగా బొగ్గుదుమ్ము పడుతోంది. తడి గుడ్డ అంచు మీదే ఉంది. ఎర్రకారును ఆ రోజు ఎవరూ తుడవలేదు.