డిసెంబరులో వాయించనివాడు

మామిడికుదురు చుట్టుపక్కల కీబోర్డు వాయించే కుర్రాళ్ళకు ఏనాడూ కొదవ లేదు. పేటకొక ప్రార్థన మందిరం, మందిరానికొక కీబోర్డు, దాని వెనక నలుగురు కుర్రాళ్ళు. ఒకడు వాయిస్తుంటే మిగిలిన ముగ్గురూ వాడికెప్పుడు జ్వరం వస్తుందా అని చూస్తుంటారు. మా తమ్ముడు ప్రేమ్ కుమార్ ఆ గుంపులోంచే వచ్చాడు. వాడు పోయి రెండు వర్షాకాలాలు గడిచాయి. వాడి వాయిద్యం గురించి రాయమని మా సంఘంవాళ్ళు అడిగారు. ఎంత బాగా వాయించేవాడో విన్నవాళ్ళందరికీ తెలుసు. అంత బాగా వాయించేవాడు పండగ రోజుల్లో ఎందుకు వాయించలేదో ఇంట్లో ఉన్న నాకు తెలుసు. అదే రాస్తున్నాను.

డిగ్రీ అయ్యాక వాడు ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు. ఆ స్కూలు మూతపడింది. అప్పటికే అమ్మా నాన్నా లేరు. నేను అమలాపురంలో తెలుగు టీచర్‌ని. ఇల్లు నా జీతం మీద నడుస్తోంది. మళ్ళీ ఒకరి కింద చేరడం వాడికి ఇష్టం లేదు. పని సొంతంగా చేసుకోవాలి, ఊళ్ళోనే ఉండాలి, గిరాకీ ఎప్పుడూ ఉండాలి. అలాంటి విద్య ఏదో ఒకటి పట్టుకోవాలని వెతుకుతున్నాడు.

సలహాలకు లోటు లేదు. దానం మావయ్య అమ్మకు తమ్ముడు, రిటైరైన హెడ్మాస్టరు, మా సంఘ పెద్ద. పొద్దున్నే పేపరు చదివి రోజుకొక కొత్త కోర్సుతో మా అరుగు మీదికి వచ్చేవారు.

"ఏరా ప్రేమూ, ఇప్పుడంతా డేటా సైన్సంటన్నారు. అదేదో నేర్చుకోకూడదూ?"

"అదేంటో మీకు తెలుసా మావయ్యా?"

"నాకు తెలీదు కాబట్టే గిరాకీ ఉంటాదనుకుంటన్నాను."

"పోనీ వీడియో ఎడిటింగో?" అని మర్నాడు. వీధికి ఇద్దరు అప్పటికే అది నేర్చుకుని, పెళ్ళి వీడియో నేను తక్కువకి చేస్తానంటే నేను తక్కువకి చేస్తానని పోట్లాడుకుంటున్నారు. అందరూ వెళ్ళే దారిలో వెళ్తే ముందు నడిచేవాడి వీపు తప్ప ఏమీ కనపడదని ప్రేమ్ అన్నాడు. మావయ్యకు కోపం వచ్చి రెండు రోజులు రాలేదు.

ఆ రోజుల్లో వాడు పాటల బృందంతో ఊరూరా తిరిగి వాయించేవాడు. వెళ్ళిన ప్రతి మందిరంలోనూ ఎవరో ఒకరు ముందే వచ్చి చెవిలో చెప్పేవారట: "ఆయ్, మా కీబోర్డులో మధ్య మెట్టు పలకదండీ, కొంచెం చూసుకోండి." వాడు శ్రుతి మార్చుకుని ఆ మెట్టు తగలకుండా పాట నడిపించేవాడు. ఎవరికీ తేడా తెలిసేది కాదు. అలా ఒక ఈస్టరు ఆరాధన నుంచి వచ్చి, చొక్కా అయినా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, ఇక్కణ్ణుంచి కాట్రేనికోన దాకా వాయించేవాళ్ళు ఎంతమంది?"

"లెక్కపెట్టలేం."

"బాగుచేసేవాళ్ళు?"

ఆలోచించాను. ఒక్కడూ గుర్తు రాలేదు. "కాకినాడో రాజమండ్రో పంపుతారుగా," అన్నాను.

"పంపితే క్రిస్మస్‌కి వెళ్ళింది ఈస్టరుకి వస్తంది. ఇవాళ వాయించింది అదే. అదీ సగం నయమై వచ్చింది."

నాకు నచ్చలేదు. అంత చక్కగా పలికే వేళ్ళతో స్క్రూడ్రైవరు తిప్పుతావా అన్నాను. "తిప్పితే అరిగిపోతాయా?" అని నవ్వి, నేను వేయిస్తున్న పల్లీలు గుప్పెడు తీసుకుని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా రాజమండ్రిలో నాగేంద్ర అనే మెకానిక్ దగ్గర చేరాడు. నాగేంద్ర మొదట ఒప్పుకోలేదట. "నువ్వు వాయించేవాడివి. మీరు పాడుచేస్తేనే నాకు తిండి. నువ్వే ఇటొస్తే ఎలాగయ్యా?" అన్నాడట. వాడు కదలకుండా కూర్చునేసరికి చివరికి ఒక మూల చోటిచ్చాడు. ఎండలూ వానలూ అక్కడే గడిపి, పెట్టె ఒకటి భుజాన వేసుకుని నవంబరులో ఇంటికి వచ్చాడు.

మొదటి బేరం మా పక్కనే ఉన్న నగరం అనే ఊరి నుంచి వచ్చింది. అక్కడి స్త్రీల సమాజం పెద్ద చిన్నతల్లి గారు ఆటోలో కీబోర్డును ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చారు. అరుగు మీద గుడ్డ విప్పగానే ఎర్రచీమలు వరసగా బయటికి వచ్చాయి.

"ఏం చేసేరండీ దీనికి?"

"ఏం చెయ్యలేదు బాబూ. పండగొస్తంది కదాని శుభ్రంగా తుడిచేను."

"దేంతోనండీ?"

"కొబ్బరి నూనెతో. బజారు నూనె కాదు బాబూ, మా గానుగాడించిందే. కల్తీ లేదు."

"ఆయ్, చీమలూ అదే చెప్తన్నాయండి."

ఆవిడ నా వైపు చూశారు. నవ్వాలో వద్దో తెలియక పమిట నోటికి అడ్డం పెట్టుకున్నాను. చివరికి ఆవిడే ముందు నవ్వారు. మెట్ల కింద ఉండే రబ్బరు పట్టీ అంతా నూనె జిడ్డు. వాడు ఒక్కొక్క మెట్టూ ఊడదీసి, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, మళ్ళీ బిగించాడు. "ఈసారి పొడిగుడ్డ చాలండీ. నూనె మీ తలకే రాసుకోండి," అన్నాడు. ఆ మాట ఆవిడ ప్రతి ఊళ్ళోనూ చెప్పుకున్నారు. దాంతోపాటు వాడి ఫోను నంబరూ పాకింది. మన నేల తేమ, సముద్రపు గాలి, చీమలు, నూనె చేతులు. గిరాకీని ఎవరూ వెతికిపెట్టనక్కర్లేకపోయింది. డిసెంబరు మొదటివారానికి మా ముందుగది బల్ల మీదా మంచం మీదా కీబోర్డులే. నేను నేల మీద పడుకున్నాను.

సరిగ్గా అప్పుడే విజయవాడ నుంచి ఫోను వచ్చింది. పెద్ద పేరున్న పాటల బృందం. వాళ్ళ కీబోర్డు కుర్రాడికి వీసా వచ్చి వెళ్ళిపోయాడట. క్రిస్మస్ కూటాలన్నిటికీ ప్రేమ్ వచ్చి వాయిస్తే, నచ్చితే ఎప్పటికీ ఉంచుకుంటామన్నారు. ఆ బృందంతో వాయించాలని వాడు స్కూల్లో చదివేటప్పటి నుంచి కలలు కన్నాడు. సంగతి తెలిసి దానం మావయ్య పరుగున వచ్చారు.

"వెళ్ళరా! పోస్టర్ల మీద ఫొటో వేస్తారు. ఈ చీమల వైద్యం ఎప్పుడైనా చేసుకోవచ్చు."

నేనూ వెళ్ళమన్నాను. వాడు మంచం మీద ఉన్న కీబోర్డులను ఒకటొకటిగా చూస్తూ కూర్చున్నాడు. మావయ్య వెళ్ళాక అన్నాడు:

"నేను వెళ్ళకపోతే వాయించడానికి ఇంకోడు వెళ్తాడక్కా. ఇవి విప్పడానికి ఎవడున్నాడు?"

"మన తాతలు చప్పట్లు కొట్టుకుని పాడుకోలేదా?"

"పాడేరు. ఇప్పుడు వీళ్ళని పాడమను, చూద్దాం."

"ఈ ఒక్క ఏడాదికీ తిప్పి పంపెయ్. పై ఏడాది చేద్దువుగాని."

"పై ఏడాదీ ఇదే నెల వస్తది. ఏడాదంతా మూల పడేసి, పండగ ముందు బయటికి తీసి, పలకలేదని తెస్తారు. వాయించేవాడికీ బాగుచేసేవాడికీ ఒకటే సీజను. రెండు పడవల మీద కాళ్ళు పెడితే గోదాట్లో పడతాను."

అలా చెబుతున్నప్పుడు వాడి ముఖంలో సంతోషం లేదు. బాధ లేదని నేను రాయలేను. పెరట్లోకి వెళ్ళి ఫోను చేసి వచ్చాడు. రాగానే పెట్టె తెరిచి నేల మీద కూర్చున్నాడు.

ఆ క్రిస్మస్‌కు మా మందిరంలో ఇంకో కుర్రాడు వాయించాడు. తర్వాతి క్రిస్మస్‌లకూ అంతే. ప్రేమ్ ఎక్కడో ఒక ఊళ్ళో ఆఖరి నిమిషంలో మొరాయించిన దాన్ని విప్పుతూ ఉండేవాడు. నేను పక్కన పెట్టిన పలావు చల్లారిపోయాక వచ్చి, అలాగే ఇష్టంగా తినేవాడు. వానాకాలంలో తెస్తే తీరిగ్గా చేసిపెడతానని ప్రతి సంఘానికీ చెప్పి చూశాడు. చిన్నతల్లి గారు తప్ప ఒక్కరూ తేలేదు. కొన్నేళ్ళకు భజనలవాళ్ళు కూడా రావడం మొదలైంది. వేదం చదువుకున్న బాలగంగాధరం గారు కరెంటు శ్రుతి పెట్టె చేత్తో పట్టుకుని మా అరుగెక్కి, "ఏవయ్యా, మా ధనుర్మాసానికీ మీ క్రిస్మస్‌కీ ఒకేసారి గొంతు పోతుందేవిటి?" అన్నారు. "ఒకేసారి పలికించేద్దాం కూర్చోండి బాబయ్యగారూ," అన్నాడు వాడు.

రెబెకాతో వాడి పెళ్ళి మే నెలలో చేశాం. డిసెంబరులో అయితే పెళ్ళికొడుకు రాడని ఆ పిల్లే షరతు పెట్టింది. వాడి సంపాదనతో వెనక గది వేశారు, నా మంచం నాకు దక్కింది. మావయ్య సలహాలు మాకు తగ్గి పక్కింటివాళ్ళకు పెరిగాయి.

నాకు మాత్రం వాడు విజయవాడ వెళ్ళి ఉండాల్సిందేమోనన్న గుబులు చాలాకాలం పోలేదు. అది ఎలా పోయిందో చెబుతాను. ఒక డిసెంబరులో స్కూలుకు సెలవని, బాగుచేసిన కీబోర్డును బండి వెనక పట్టుకుని కూర్చోవడానికి వాడితో కాట్రేనికోన వైపు వెళ్ళాను. మందిరంలో కాగితపు నక్షత్రాలు కడుతున్నారు. వాడు కీబోర్డు బల్ల మీద పెట్టి, ప్లగ్గు పెట్టి, మెట్లన్నీ ఒకసారి నొక్కి చూశాడు. ఆ తర్వాత పాట ఎత్తుకున్నాడు. మెట్లన్నీ పరీక్ష చెయ్యాలంటే పాటే మేలట. నక్షత్రాలు కట్టేవాళ్ళు నిచ్చెన మీదే ఆగిపోయారు. బయట చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళు చేతులు కడుక్కుని వచ్చి చాప మీద కూర్చున్నారు. ప్రేమ్ వచ్చే రోజు వాళ్ళకు ముందే తెలుసని, ప్రతి ఏడాదీ ఇలాగే వచ్చి కూర్చుంటారని పాస్టరుగారు నాతో చెప్పారు. ఇలాంటి ఊళ్ళు ఎన్ని ఉన్నాయో వాడు నాకెప్పుడూ చెప్పలేదు.

పాట అయ్యాక ముందు వరసలో ముసలావిడ అడిగింది: "పరీక్ష అయిపోయిందా బాబూ?"

"లేదండీ," అన్నాడు వాడు మెట్ల వైపు అనుమానంగా చూస్తూ. "పైన రెండు మెట్లు ఇంకా నమ్మకంగా లేవు." అని ఇంకో పాట మొదలుపెట్టాడు.