మిషన్ మామయ్య ఇంగ్లీషు ఉత్తరం

కుట్టు మిషన్లు బాగుచేసేవాళ్లలో మాటకారులనే ఎక్కువగా చూశాను. పరాయి ఇంటి నడుమ గంటసేపు కూర్చోవాలి, ఊరికే ఎలా కూర్చుంటారు? ఆ లెక్కన మిషన్ మామయ్య ఆ వృత్తికే మచ్చ. బాబిన్ విప్పి, నూనె చుక్క వేసి, బెల్టు బిగించి, "తొక్కి చూడమ్మా" అనేసి లేచిపోతాడు. అలాంటి మనిషి యాభై ఎనిమిదో ఏట, జిరాక్సు కొట్టు మేడమీది ఇంగ్లీషు క్లాసులో చేరేసరికి వీధంతా నోరు వెళ్లబెట్టింది.

"తెలుగులోనే నోరు విప్పరు, ఇంగ్లీషులో ఏం ఉద్ధరిస్తారట?" అంది భార్య.

కారణం ఆమెకు తెలియనిది కాదు. తల్లి పురిట్లో పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్లు. పుట్టిన పసికందును పక్క వాటాలోని పరభాషా దంపతులు పెంపకానికి తీసుకుని, బదిలీ మీద ఎటో వెళ్లిపోయారు. ఇన్నాళ్లకు ఆ చెల్లెలి దగ్గర్నుంచి రెండు ముక్కల ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. నాకో అన్నయ్య ఉన్నాడని ఇప్పుడే తెలిసింది, నేను గుర్తున్నానా అని.

జవాబు ఎవరిచేతైనా రాయించొచ్చు. "నా చెల్లెలికి ఇంకోడి చేతిరాతా?" అన్నాడు.

అతని చిత్తుప్రతి మీద టీచరమ్మ ఎర్రసిరా కుమ్మరించింది.

"మామయ్యగారూ, మళ్లీ అయామ్ రిమెంబరింగ్ యూ, అయామ్ వాంటింగ్ టు సీ యూ! గుర్తుండటం, కావాలనుకోవడం పనులు కావండీ, స్థితులు. తినడం, తిరగడంలా జరుగుతూ ఉండవు. ఐ రిమెంబర్, ఐ వాంట్. ఆ ఇంగ్ తోక కత్తిరించండి."

"నాకైతే పనేనమ్మా. నలభై తొమ్మిదేళ్లుగా చేస్తున్నా."

"జీతం ఎవరిస్తున్నారు మామయ్యా?" అంది వెనక బెంచీలోని బట్టలకొట్టు అమ్మాయి. అందరితోపాటు అతనూ నవ్వాడు.

ఆ మాటకొస్తే మనం తెలుగులో 'తెలుసు', 'కావాలి' అని నిబ్బరంగానే అంటాం. ఇంగ్లీషు గుమ్మం తొక్కేసరికి మాత్రం, చుట్టాలింటికి ఉత్త చేతులతో వెళ్లలేనట్టు, ప్రతి మాటకూ ఓ ఇంగ్ తగిలిస్తాం.

తోకలన్నీ పోయాక, అతను తానే అడ్డంగా కొట్టేసిన వాక్యం ఒకటి టీచరమ్మ కంటపడింది. ఐ గేవ్ యూ టు దెమ్.

"ఇందులో తప్పేం లేదే! ఎందుకు కొట్టేశారు?"

వేలికంటిన నూనె మరక గోక్కున్నాడు.

"ఆ రోజు నాన్న గుమ్మం దాటలేకపోయాడు. జీపు దాకా ఎత్తుకెళ్లి వాళ్ల చేతుల్లో పెట్టింది నేనే. అది తెలిస్తే వస్తుందా, టీచరమ్మా?"

"దాచిపెట్టి రప్పిస్తే, ఆవిడ మొహం చూడగలరా?"

ఆ వాక్యాన్ని కింద మళ్లీ రాశాడు.

ఉత్తరం పోస్టు చేశాక నాలుగు వారాలు దేని మీదా ధ్యాస లేదు. ఎవరింట్లోనో మిషన్ విప్పి, ఒక స్క్రూ వాళ్ల చాప మీదే మరిచిపోయి, మళ్లీ వెళ్లి తెచ్చుకున్నాడు. పోస్టుమాన్ సైకిలు అలికిడైతే చాలు, వీధిలోకి వచ్చేవాడు.

అయిదో వారం జవాబు వచ్చింది, ఒక్క వాక్యం. అప్పుడు నేను ఏడ్చానా?

ఆ సాయంత్రం క్లాసుకు వెళ్లలేదు. మిషన్ బల్ల మీదే కాగితం పరిచి, ఎవరినీ అడగకుండా రాశాడు. లేదమ్మా, నువ్వు నిద్రపోతున్నావు, ఏడ్చింది నేను.

"ఇంతకీ వస్తానందా?" అంది భార్య, భుజం మీదుగా తొంగిచూస్తూ.

"రానని అనలేదుగా" అంటూ ఇంకో కాగితం కోసం చెయ్యి చాపాడు.