జోడు రెక్కల మధ్య దారం

ఆ విమానం పై రెక్క ఊడింది గాలికి కాదు, నా వేలికి. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ తేదీ కింద "వాన. కాకరకాయ వేపుడు. పుస్తకం సగం అయింది" అని మాత్రమే ఉంది.

విమానమంటే రెండు అరచేతుల్లో పట్టేది, మా మావయ్య చేసింది. మావయ్య అమ్మకి అన్నయ్య. మా వీధి చివరే ఇల్లు, ముందు గదిలో మోటార్ వైండింగ్ షాపు. రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల మోటార్లు కాలిపోతే మొగల్తూరు అవతలి నుంచి కూడా ఆయన దగ్గరికే తెస్తారు. మాడిపోయిన రాగి తీగ తీసేసి కొత్త తీగ చుట్టి ఇస్తారు. మధ్యాహ్నం పని లేనప్పుడు ప్లాస్టిక్ కిట్లు తెప్పించుకుని పాతకాలపు విమానాలు అతికిస్తారు.

ఇది జోడు రెక్కల విమానం. కింద రెక్కకీ పై రెక్కకీ మధ్య అగ్గిపుల్ల కంటే సన్నని గుంజలు, వాటి మధ్య ఐమూలగా బిగించిన తీగలు. అసలు విమానాల్లో ఆ తీగలే రెక్కల్ని పట్టి ఉంచేవట. మావయ్య వాటికి తన సరుకే వాడారు: చిన్న మోటార్లకి చుట్టే వెంట్రుకంత రాగి తీగ. ఆ తీగలు కట్టడానికే నెల పట్టింది. చివరిది కట్టిన రోజు నన్ను పిలిచి చూపించారు. "చూడు, ముట్టుకోకు" అని చెప్పి ఏదో చెరువు దగ్గర మోటారు ఆగిపోయిందంటే వెళ్లారు. అత్తయ్య పెరట్లో ఉంది.

మా ఇంట్లో అమ్మ లేసు అల్లుతుంది. కొత్త దారం బంతి తెచ్చిన రోజు కొస పంటితో పట్టుకుని బిగలాగి, వేలితో మీటి చూస్తుంది. బాగుంటే తల ఊపుతుంది. నేను అల్లడం నేర్చుకోలేదు గానీ మీటడం మాత్రం వచ్చేసింది. బిగువుగా ఉన్నదేదైనా కనబడితే వేలు దానంతటదే వెళ్తుంది.

మీటాను. రాగి తీగ మోగలేదు. వంగింది, వంగినచోటే ఉండిపోయింది. కంగారుపడి సాఫు చేద్దామని కొస దగ్గర లాగాను. టిక్కుమని గుంజ ఒకటి ఊడింది, దాని వెనకే ఇంకొకటి. పై రెక్క ఓ పక్కకి వాలిపోయింది. కిటికీ తెరిచే ఉంది. బయట వాన గాలి. నేను చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చేశాను.

సాయంత్రం అమ్మతోపాటు వెళ్లేసరికి అత్తయ్య అంటోంది, "కిటికీ వేయమంటే విన్నారా?"

"గాలికి ఊడిందంటే నేను కట్టిన కట్టు అంత గొప్పదన్నమాట" అన్నారు మావయ్య. కోప్పడి ఉంటే బాగుండేది. విమానాన్ని పంపు వచ్చిన అట్టపెట్టెలో పెట్టి పై అరలో తోసేశారు. 

అక్కడితో అయిపోతుందనుకున్నాను. కానీ తర్వాతి వారం ఒకాయన చిన్న మోటారు తెస్తే, "సన్న తీగ పని ఇక నా వల్ల కాదండి, చెయ్యి తప్పుతోంది. భీమవరం తీసుకెళ్లండి" అన్నారు. ఇంకొకాయనకీ అదే చెప్పారు. ఆ చేతులు ఎక్కడా తప్పలేదని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. రోజూ షాపు దాకా వెళ్లేదాన్ని. నోటి దాకా వచ్చిన మాట "అత్తయ్య ఉందా అండి" అయిపోయేది.

చెప్పలేనిదాన్ని కనీసం బాగుచేయనైనా చేయాలి కదా అని వెతకడం మొదలుపెట్టాను. ఇలాంటి విమానాలకి కొందరు సాగే దారం కడతారని ఫోన్లో చదివాను. వేలు తగిలినా వంగిపోదు, సాగి మళ్లీ తన చోటికి వస్తుంది. చదవగానే నా కోసమే తయారుచేశారనిపించింది. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పార్సిల్ ఏంటని ఇంటిల్లిపాదికీ చెప్పాలి. అందుకని బస్సెక్కి పాలకొల్లు వెళ్లాను. టైలరింగ్ సామాన్ల షాపు ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచి, ఎవరూ లేనప్పుడు లోపలికి వెళ్లాను.

"ఎలాస్టిక్ దారం కావాలండి. సన్నది."

"నడుముకా అమ్మా, చేతులకా?" అంది షాపావిడ.

విమానానికి అని ఎలా చెప్పను? "చేతులకండి" అన్నాను.

"పెద్దవాళ్లకా, పిల్లలకా?"

"చిన్నదండి. బాగా చిన్నది."

"ఎన్నో నెల పాపకి?"

నాకింకా పెళ్లే కాలేదు. "మూడో నెలండి" అనేసి, ఇచ్చింది తీసుకుని బయటపడ్డాను.

ఇంటికొచ్చి అట్టముక్క మీద ఐస్‌క్రీం పుల్లలు రెండు నిలబెట్టి, మధ్యలో ఆ దారం అతికించాను. ఆ పుల్లలకే అంత లావుగా ఉంటే విమానానికి పడవ తాడులా ఉంటుంది. పూసలు గుచ్చే సాగుడు దారం తెచ్చాను. అది గాజులా మెరిసింది. మధ్యలో ఆశ చావక అమ్మ లేసు దారంలో అన్నిటికంటే సన్నది కూడా కట్టి చూశాను. సాగదని తెలుసు. నల్ల గుడ్డ మీద పెట్టి చూస్తే ఒళ్లంతా నూగు, పైగా పొద్దున బిగువుగా ఉన్నది మధ్యాహ్నం జల్లు పడేసరికి జారిపోయింది.

"ఏంటే, పుల్లలకి దారాలు కట్టుకుని కూర్చుంటున్నావు?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే నా బంతి సగానికి ఎలా వచ్చింది? అల్లడం నేర్చుకోవే అంటే మాత్రం చదువుకోవాలంటావు."

పుస్తకం తెరిస్తే ఒకే పేజీ మూడుసార్లు చదువుతున్నాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి వెళ్లాలో తెలిసేది కాదు. కరెంటు తీగలు, దండేలు, చెరువుల మీద పక్షులు వాలకుండా కట్టిన దారాలు, అన్నీ బిగువుగా నన్నే చూస్తున్నట్టుండేవి.

దొరికింది మాత్రం నేను వెతకని చోట. స్కూటీ దిగుతుంటే నంబర్ ప్లేటు అంచు తగిలి లెగ్గింగ్ చిరిగింది. తిట్టుకుంటూ చూస్తే, చిరిగినచోట నూలు పోగుల మధ్య నుంచి తెల్లగా, సాలీడు దారంలా ఏదో ముడుచుకుని బయటికొచ్చింది. పట్టి లాగాను. మూడింతలు సాగింది. వదిలాను. చటుక్కున వెనక్కి పోయింది. ఆ గుడ్డకి సాగే గుణం ఇచ్చేది ఆ పోగేనన్నమాట. వీధిలో నిలబడి ఎన్నిసార్లు లాగి వదిలానో లెక్కలేదు.

అప్పటికీ తొందరపడలేదు. ఇంట్లో ఉన్న పాత లెగ్గింగులన్నీ విప్పి పోగులు తీశాను. ఒకదాని పోగు ఉతికి ఉతికి చచ్చిపోయింది, సాగాక వెనక్కి రాలేదు. ఇంకొకటి మరీ బలం, పుల్లల్ని దగ్గరికి లాగేసింది. అది కడితే రెక్క వంగుతుంది. మూడోది, ఆ చిరిగినదే, కొంచెం సాగదీసి అతికిస్తే గీత గీసినట్టు నిలబడింది. మార్కర్ పెన్నుతో నల్లగా చేసి రెండు రోజులు వానలో, ఎండలో చూశాను. వేలితో మీటాను. తిరిగొచ్చింది.

మావయ్య షాపులో ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లాను. "ఈ దారం చూడండి మావయ్యా. విమానానికి."

ఆయన భూతద్దం కింద పెట్టుకుని సాగదీశారు. "బాగుందే. ఎక్కడిది?"

"లెగ్గింగ్‌దండి."

"పాతకాలపు దొరల విమానానికి నీ లాగు తొడుగుతానంటావు" అని నవ్వారు. చాలా రోజుల తర్వాత విన్నాను ఆ నవ్వు. తర్వాత స్టూలెక్కి అట్టపెట్టె దించారు.

ముందు పాత తీగలు తీయాలి. ఒక్కొక్కటే కత్తిరించి కాగితం మీద పెడుతున్నారు. ఒక తీగ దగ్గర ఆగారు. భూతద్దం కిందికి జరిపి చూశారు. సరిగ్గా మధ్యలో, గోటి అంచంత వంపు. గాలి అలా వంచదు. ఆయన నా చేతివైపు చూశారు. నేను వేళ్లు చున్నీలో దాచుకున్నాను.

"మావయ్యా, ఆ రోజు..."

"ముందు ఆ కొస పట్టుకో" అన్నారు.

నేను పట్టుకున్నాను, ఆయన అతికించారు. జిగురు బొట్టు సూది మొనతో పెడుతుంటే ఆయన చెయ్యి పిసరంత కూడా కదల్లేదు. ఆయన కూడా ఆ చేతినే చూసుకుంటున్నారు. గుంజలు నిలిచాయి, రెక్క లేచింది. ఒక పక్క రెక్క పూర్తయ్యేసరికి షాపు ముందు చిన్న మోటారు పట్టుకుని ఎవరో వచ్చారు. "చేస్తారా అండి, భీమవరం పొమ్మంటారా?" అని అడిగారు.

"పెట్టి వెళ్లండి, రేపు చుట్టేస్తాను" అన్నారు మావయ్య.

మోటారు తెచ్చినాయన వెళ్లాక మావయ్య విమానాన్ని నా వైపు తిప్పారు. "మీటు" అన్నారు. మీటాను. దారం వణికి నిలబడింది. నా కళ్లల్లో నీళ్లు చూసి కూడా చూడనట్టే, బల్ల మీదున్న మోటారుని తన వైపు జరుపుకున్నారు.

"దీన్ని మాత్రం ముట్టుకోకు తల్లీ, ఇది సాగదు."