ఖాలా వాకిట్లోకి వచ్చిన పట్నం

నాకు మనవరాలు పుట్టింది! ఎర్రగా, బొద్దుగా, పిడికిళ్లు బిగించుకుని, ఇల్లు ఎగిరిపోయేటట్టు ఏడుస్తూ పుట్టింది. లేక లేక పుట్టిన మా ఒక్కగానొక్క బిడ్డకు తొలి కాన్పు. తల్లీ పిల్లా ఇద్దరూ క్షేమం. వీధిలో కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పాను, పాలు పోసే ఆయనకు రెండుసార్లు చెప్పాను. మీకు చెప్పకుండా ఎట్లా ఉంటాను? ఒక్క గడపకు మాత్రం ఆ మాట తీసుకుపోలేకపోయాను. రెండు సందుల అవతల ఉండే మా అన్న గడపకు. నా బిడ్డ మరాఠీవాళ్ల పిల్లవాణ్ణి చేసుకున్నప్పటి నుంచి అన్న మా ఇంటికి రాడు, దాని పేరెత్తడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఖాలా పోయింది.

పట్నం నుంచి పిల్లను చూడడానికి వచ్చిన అల్లుడు ఆ సంగతి వెంటనే చెప్పలేదు. ముక్కు ఎవరిది, చెవులు ఎవరివి అని మేం కొట్లాడుకుంటుంటే పిల్లను ఒళ్లో పెట్టుకుని నవ్వుతూ కూర్చున్నాడు. అన్నం తిని, చెయ్యి కడుక్కున్నాక అప్పుడు అన్నాడు, "మామా, ఖాలా లేదు."

మా టెలిగ్రాం అందగానే మొదట ఆమె దగ్గరికే పరిగెత్తాడట. "ఆడపిల్లనా! ఇగ మల్ల నాకు జడలేసే పని దొరికింది" అని వాకిట్లో ఉన్నవాళ్లందరి నోట్లో చక్కెర పోసిందట. మర్నాడు తెల్లవారి నమాజుకు లేవలేదు. నా మనవరాలి కబురు విని, నోరు తీపి చేసుకుని పోయింది. ఏడుస్తూనే ఆ దేవునికి దండం పెట్టుకున్నాను.

ఉర్దూలో ఖాలా అంటే తల్లి తోడబుట్టినది. ఆమె నాకు చుట్టం కాదు, హైదరాబాదులో మా ఇంటి యజమానురాలు. డెబ్బైల మొదట్లో ఇక్కడ వరంగల్‌లో నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయినప్పుడు, అక్కడొక షావుకారు నూలిస్తానంటే భార్యనూ చంకబిడ్డనూ తీసుకుని పోయాను. "ఆ ఊర్ల నీకెవరున్నరురా?" అని అన్న అడుగుతున్నా మూట కట్టాను. గది కావాలని ఎక్కడికి పోయినా "మీదే ఊరు? మీరేమిటోళ్లు?" అనే అడిగారు. ఈమె మాత్రం నా భార్య చంకలోకి తొంగి చూసి, "పిల్ల పాలు తాగిందా?" అంది. అంతే. నడుమ వాకిలి, చుట్టూ గదులు. అందులో ఒకటి మాదయింది.

గదిలో దిగిన మర్నాడే గడ్డపార తీసుకుని నేల తవ్వడం మొదలుపెట్టాను. మా ఇళ్లల్లో మగ్గం ఉన్నచోట గుంట ఉంటుంది. అందులో కాళ్లు పెట్టుకుని నేస్తాం. వంటకు పొయ్యి ఎట్లాగో మాకు గుంట అట్లాగ. ఇంటివాళ్లను అడగాలన్న ఆలోచనే రాలేదు. చప్పుడు విని వాకిట్లో వాళ్లంతా తలుపు దగ్గర మూగారు. పుస్తకాలు బైండింగ్ చేసే మరాఠీ ఆయన లంకెబిందెలేమోనని మెడ సాచి చూశాడు. జనాన్ని తోసుకుంటూ వచ్చింది ఖాలా.

"యా అల్లా! మనిషి పొడుగు తవ్వినవ్ గదరా! ఎవరు పోయిన్రని గోరీ తవ్వుతాన్నవ్?"

"గోరీ కాదమ్మా, మగ్గం గుంట. కాళ్లు పెట్టుకునేందుకు" అన్నాను. మూట విప్పకముందే మళ్లీ కట్టుకోవాలేమో అనుకున్నాను.

ఆమె నా భార్య భుజం పట్టుకుని మెల్లగా గుంట అంచున కూర్చుని, రెండు కాళ్లూ లోపలికి వేలాడేసింది. కాసేపు ఊపింది. "మంచిగున్నదే! నా మోకాళ్లకు ఇసొంటి కుర్సీ యాడ దొరకలే" అంది. తలుపు దగ్గర అందరూ ఒకటే నవ్వు. లేచిపోతూ, "ఆ మన్ను బయట పారెయ్యకు బేటా. నల్లా కాడ నీళ్లు నిలుస్తున్నయ్, ఆడ పొయ్యి" అని చెప్పింది. ఆ సాయంత్రం బైండింగ్ ఆయనా నేనూ కలిసి నల్లా దగ్గర మన్ను తొక్కాం. మా ఇద్దరి స్నేహం అట్లా మొదలైంది. ఆయన కొడుకే ఈనాటి మా అల్లుడు.

పట్నం ఎట్లా మారిందో పెద్ద చదువులు చదివినవాళ్లు రాస్తారు. నేను ఖాలా వాకిట్లో నిలబడి చూశాను. మేం పోయినప్పుడు ఎక్కువ గదుల్లో ఆమె చుట్టాలే. వాళ్లలో కొందరు కరాచీకి పోయారు, పడుచువాళ్లు ఒకరి వెనుక ఒకరు దుబాయికి పోయారు, ఆఖరుకు ఆమె కొడుకూ పోయాడు. ఒక గది ఖాళీ అయితే గుంటూరు నుంచి ఆఫీసులో పనిచేసే సారు సంసారంతో దిగాడు. ఇంకోదాంట్లోకి టైపిస్టు ఉద్యోగం చేసే అరవావిడ, మరోదాంట్లోకి కేరళ నర్సులు వచ్చారు. ఎనభైలలో బండలు పరిచే రాజస్థానీ అన్నదమ్ములు వచ్చారు. వంట వేళకు వాకిట్లో నిలబడితే ఒక తలుపు నుంచి గోంగూర, ఒక తలుపు నుంచి కొబ్బరినూనె తాలింపు వాసన. ఖాలా అన్ని ఇళ్లలోనూ రుచి చూసేది, అన్నింటికీ ఉప్పు తక్కువనే అనేది.

"ఈ ఇల్లు అమ్మేసి మాతోని రారాదే" అని చుట్టాలు పోరుపెడితే ఆమె చెప్పిన జవాబు నా చెవులతో విన్నాను. "నేను యాడికి పోతనే? ఊర్లకు ఊర్లు నా ఇంటికే వస్తాంటే!"

అందరూ ఎప్పుడూ నవ్వుతూ ఉన్నారని చెప్పను. మేం పోయిన కొత్తలో స్థానికులు, బయటివాళ్లు అన్న మాట గట్టిగా నడిచింది. ఒకరోజు నల్లా దగ్గర నా భార్యే గుంటూరు ఆవిడతో, "మొన్న వచ్చి మా కంటె ముందు బిందె పెడ్తవా?" అంది. ఆవిడేం తక్కువ తినలేదు, "నల్లా మీ తాతగారు వేయించారా?" అంది. ఖాలా వచ్చి ఇద్దరి బిందెలూ పక్కకు జరిపి, "ఎవరు ఎప్పుడొచ్చిన్రు అని నల్లా అడుగుతదా? ఎవరి ఇంట్ల పసిపోరగాళ్లున్నరో వాళ్లు పట్టుకోండ్రి" అంది. పసిపిల్ల మాకే ఉంది. గెలిచి కూడా నా భార్య సిగ్గుపడి, ఆ బిందె గుంటూరు ఆవిడ గుమ్మంలో పెట్టి వచ్చింది.

బైండింగ్ ఆయన కొడుకును మా బిడ్డ చేసుకుంటానన్నప్పుడు అన్న ఒప్పుకోడని నాకు ముందే తెలుసు. అతన్ని ఒప్పించడానికి ఖాలా బురఖా వేసుకుని మాతో రైలెక్కింది. వరంగల్‌లో అన్న మగ్గం గుంటలోంచి లేవలేదు, తలెత్తలేదు. ఆమె పక్కనే నేలమీద చతికిలబడింది.

"పెండ్లికి రాకు. నీ ఇష్టం. నేను జబర్దస్తీ చెయ్య. పొద్దటి సంది ఏం తినలే, జర అన్నం పెట్టు."

అన్న లేచి తనే వడ్డించాడు. పెళ్లికి రాలేదు. పెళ్లయ్యాక మేం వరంగల్‌కు తిరిగి వచ్చేసినా మా గడప తొక్కలేదు. అయితే ఆ తర్వాత పట్నం నుంచి ఎవరు వచ్చినా వాళ్లను సందులో ఆపి, "ఆ ముసలమ్మ ఎట్లున్నది?" అని అడిగేవాడు.

అందుకే ఖాలా పోయిన సంగతి అన్నకు చెప్పిరమ్మని నా భార్యను పంపాను. ఆమె కంటె ముందు అన్నే వచ్చాడు, చెప్పులు లేకుండా, భుజాల మీద నూలు పోగులతో. గడప అవతలే నిలబడ్డాడు.

"ఆ ముసలమ్మను ఎవరు మోసిన్రు?"

"మా నాయిన, గుంటూరు సారు, రాజస్థాన్ అన్నలు, నేను మోసినం పెద్దమామా" అన్నాడు అల్లుడు.

అన్న అతని ముఖం చూడడం అదే మొదలు. "నువ్వు భుజం ఇచ్చినవా?"

"ఇచ్చిన."

లోపల పిల్ల ఏడుపు అందుకుంది. అన్న గడప దాటి, "గట్ల ఏడిపిస్తరా? ఇటియ్యుండ్రి" అని చేతులు చాపాడు. నా బిడ్డ పిల్లను అతని చేతుల్లో పెట్టింది. కళ్లల్లో నీళ్లు నిండి నాకేమీ కనబడలేదు. అన్న మాత్రం నా మీద విరుచుకుపడ్డాడు.

"ఇంత సంబురమైతే చుట్టాలకు చెప్పకుంట కూసున్నవారా? నెక్కొండల మేనత్తకు చెప్పాలె, పొద్దటి బండికి పో. డోర్నకల్ల రైల్వే బావకు చెప్పాలె, ఆయన డ్యూటీల ఉంటె అక్కకు చెప్పు. పాలంపేటల మీ వదినె పుట్టింటోళ్లకు చెప్పాలె, లేకుంటె నన్ను బతకనియ్యరు."

"మద్రాసుకు మారిన టైపిస్టమ్మకు" అంది నా భార్య.

"దుబాయిల ఖాలా కొడుక్కు" అన్నాడు అల్లుడు.

"ఆయనకు తప్పకుంట చెప్పాలె. తల్లి పోయిన దుఃఖంల ఉన్నడు." అన్న పిల్లను భుజాన వేసుకుని అల్లుడి వైపు తిరిగాడు. "మీ మరాఠోళ్ల దిక్కు, నాందేడ్ల, మీకు ఎవరన్న ఉన్నరా?"

"మా మేనత్త ఉన్నది పెద్దమామా."

"ఆమెకు నేను పోయి చెప్త. మన వియ్యంకుని అక్కకు, పెద్దోణ్ణి నేనుండంగ, ఇంకెవరు చెప్తరు?"