బలం మాత్రల సీసా

మొన్నామధ్య భవానీపురంలో మా ఇంట్లో, మనవరాలి మాత్రల అట్టను బల్ల మీద విసిరేసి మా కోడలు, ఎనిమిది నెలలుగా ఫిట్స్ రాలేదు కదా అత్తయ్యా, ఈ మందు మొదలుపెట్టినప్పట్నుంచీ పిల్ల అయినదానికీ కానిదానికీ కసురుకుంటోంది, రేపట్నుంచి ఆపేస్తున్నానని చెప్పేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట చిన్నప్పుడు నేనూ ఒకసారి విన్నాను, విని సంతోషించాను కూడా.

పామర్రు బడిలో నాకు మొదటిసారి మూర్ఛ వచ్చినప్పుడు పదేళ్ళు. నా ఈడు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, చేతిలో తాళాలగుత్తి పెట్టేవాళ్ళకీ, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టేవాళ్ళకీ కొదవ లేదు. చివరికి నాన్న బెజవాడ తీసుకెళితే అక్కడి డాక్టరు మాత్రలు రాసి రెండు పూటలా వేయమన్నాడే గానీ, అవేం చేస్తాయో ఒక్క ముక్క చెప్పలేదు. మెదడులో నరాలన్నీ ఒక్కసారిగా రేగకుండా ఆ మందు అణచి ఉంచుతుందనీ, రోగాన్ని వేళ్ళతో సహా పీకెయ్యదనీ, ఉన్నపళంగా మానేస్తే అణిగి ఉన్నదంతా మీద పడుతుందనీ నాకు తెలిసేసరికి జుట్టు నెరిసింది. అప్పట్లో తెలిసిందల్లా దాని చేటే. చిగుళ్ళు వాచి పళ్ళ మీదికి పాకాయి, పై పెదవి మీద నూగు మొలిచింది, నడుస్తుంటే తూలేదాన్ని. వెక్కిరించిన మొహాలన్నీ ఇప్పటికీ గుర్తే, ఒక్కరినీ క్షమించలేదు.

ఆ రోజుల్లో కూచిపూడిలో మేనత్త ఇంట్లో ఉండి నాట్యం నేర్చుకునేదాన్ని. ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి ఆడాలి, నా కాళ్ళేమో మాట వినవు. ప్రదర్శన పది రోజులుందనగా మేనత్త, ఏడాదిగా రానేలేదుగా, ఇంకా ఈ పాడు మందులెందుకంటూ మాత్రలన్నీ పొయ్యిలో పడేసింది. నిజం చెప్పొద్దూ, తర్వాత నాలుగైదు రోజులు నా ఒళ్ళు అంత తేలిగ్గా మళ్ళీ ఎప్పుడూ లేదు. ప్రదర్శన నాడు పళ్ళెం ఎక్కిన కాసేపటికే పడిపోయాను. ఒక మూర్ఛ తగ్గకముందే ఇంకొకటి వచ్చి, ఆస్పత్రిలో మూడో రోజుకి గానీ మనిషిని కాలేదు. మేనత్త మాత్రం దిష్టి తగిలిందనే చివరిదాకా అంది. నాట్యం అక్కడితో సరి.

అమ్మ చేసింది అంతకన్నా పెద్ద తప్పు. పెళ్ళి కుదిరాక నా మాత్రలన్నీ ఒక బలం మాత్రల సీసాలో పోసి, ఎవరడిగినా ఒంట్లో బలానికని చెప్పు, ఇంకో మాట ఎత్తకు అంది. నలభై రెండేళ్ళు అదే చెప్పాను, మా ఆయన పోయేదాకా ఆయనకీ అదే చెప్పాను. మందు మారింది, డాక్టర్లు మారారు, సీసా మాత్రం అదే. మనవరాలికి మొదటిసారి వచ్చినప్పుడు, మీ ఇళ్ళల్లో ఇంకెవరికైనా ఉందా అండీ అని డాక్టరు గారు అడిగితే, లేదండీ అంది కోడలు. పక్కనే కూర్చున్న నేను పమిట సర్దుకున్నాను.

మొన్నామధ్య కోడలు ఆపేస్తాననగానే ఆ సీసా తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను.

"ఇవి బలం మాత్రలు కావమ్మా. ఆపేస్తే ఏమవుతుందో నన్నడుగు," అని జరిగినదంతా చెప్పాను.

కోడలు సీసాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"డాక్టరు గారు అడిగిన రోజున మీరు నా పక్కనే ఉన్నారు కదత్తయ్యా," అంది.

మర్నాడు ముగ్గురం డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. చిరాకు ఆ మందు వల్లే కావచ్చనీ, మెల్లమెల్లగా ఇది తగ్గిస్తూ వేరేది మొదలుపెడదామనీ ఆయన పిల్లకే అర్థమయ్యేలా చెప్పారు. నాకూ అలా ఎవరైనా చెప్పి ఉంటే, అని దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు మనవరాలి మాత్రలు భోజనాల బల్ల మీద ఆవకాయ జాడీ పక్కనే ఉంటాయి, అవి దేనికో స్నేహితులకి తనే చెబుతుంది. నా ఈడు ఆడవాళ్ళ ఇళ్ళల్లో ఇంకెన్ని బలం సీసాలున్నాయో.

కోడలు నాతో మాట్లాడటం లేదు. కానీ రెండు పూటలా పిల్లకి మాత్ర ఇచ్చేటప్పుడు నాదీ తీసి నా కంచం పక్కన పెడుతోంది, సీసాలోంచి కాదు, మందు పేరు రాసున్న అట్టలోంచి.